సూక్ష్మజీవులు ‘అలవాటు’ పడవు: డిఎన్ఎను పట్టుకునే రసాయనాలు – విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

కొంపల్లి దాటి 44వ జాతీయ రహదారి వెంట మేడ్చల్ వైపు సాగినా, రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట, తుర్కపల్లి వైపు వెళ్లినా రెండు వేర్వేరు లోకాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి 1999లో రూపుదిద్దుకొని నేడు టీకాల తయారీకి ప్రపంచ ప్రసిద్ధి పొందిన జీనోమ్ వ్యాలీ. రెండవది కోళ్ల షెడ్లు, కూరగాయల మడులు, ఒకప్పుడు ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన ద్రాక్షతోటలలో మిగిలిన కొన్ని. మొదటి లోకంలో డిఎన్ఎను పట్టుకునే రసాయనాన్ని చేతి తొడుగులు లేకుండా ఎవరూ ముట్టుకోరు. దాని సీసా మీద హెచ్చరిక గుర్తు ఉంటుంది. రెండవ లోకంలో, డిఎన్ఎ మీదనే పనిచేసే వేరొక రసాయనాన్ని కోళ్లు తాగే నీటిలో కలుపుతారు. దాని గురించి రైతుకు తెలిసినది మోతాదు, ధర మాత్రమే.

ఈ రెండు లోకాల మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. అయినా ఒకచోట ఉన్న జ్ఞానం రెండవ చోటికి చేరడం లేదు. చేర్చవలసిన వారధి వ్యవసాయ, పశువైద్య విస్తరణ వ్యవస్థ. ఆ వారధిలో ఉన్న ఒక లోపాన్ని, అది కూడా మన భాషలోనే ఉన్న లోపాన్ని, చర్చకు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక మాట వలన కలిగే అనర్థం

మందు పనిచేయనప్పుడు రైతు సాధారణంగా అనే మాట, ‘క్రిములు ఈ మందుకు అలవాటు పడ్డాయి’ అని. రైతు అలా అనడంలో తప్పు లేదు. కాని మన కరపత్రాలలో, రేడియో ప్రసంగాలలో, శిక్షణ తరగతులలో మనం కూడా అదే మాటను వాడుతున్నాము. ఇది కేవలం పదప్రయోగ దోషం కాదు. ఈ మాటలో ఒక తప్పుడు సిద్ధాంతం దాగి ఉంది.

అలవాటు అన్నది మానుకోగలిగినది. కొంతకాలం మందు మార్చి వాడితే పాత మందును క్రిములు ‘మరచిపోతాయి’ అని రైతు తర్కించడం ఆ మాట నుండి సహజంగా పుట్టే నిర్ణయమే. అలవాటు అన్నది ఒక్కొక్క జీవి తన బతుకులో నేర్చుకునేది కూడా. అందువలన ‘కొద్దికొద్దిగా ఇస్తే అలవాటు కాదు, ఎక్కువ ఇస్తేనే అవుతుంది’ అనే భావన బలపడుతుంది. వాస్తవం దీనికి పూర్తిగా విరుద్ధం. సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రక్ 1943లోనే ఎషరీషియా కోలై బాక్టీరియాపై చేసిన ప్రయోగాల ద్వారా, వైరస్‌ను తట్టుకునే మార్పు ఆ వైరస్ ఎదురుకాక ముందే యాదృచ్ఛికంగా పుడుతుందని నిరూపించారు. బాక్టీరియా నేర్చుకోదు. మారిన కణం బతుకుతుంది, మారని కణం చనిపోతుంది. మారిన కణం సంతతి అంతా ఆ మార్పుతోనే పుడుతుంది. దీనిని మరచిపోవడం ఉండదు.

‘నిరోధకత’ అనే మాటలోనూ ఇబ్బంది ఉంది. ‘రోగ నిరోధక శక్తి’ మంచిదని దశాబ్దాలుగా ప్రజలకు చెప్పుకుంటూ వచ్చిన మనమే, బాక్టీరియాలో ‘నిరోధక శక్తి’ చెడ్డదని చెబుతున్నాము. వినేవారికి ఏది ఎవరి శక్తి అన్నది తెలియడం లేదు. ‘మందుకు లొంగని క్రిములు’ అన్న తేట తెలుగు మాట ఉండగా ఈ అయోమయం అవసరం లేదు.

రసాయనం డిఎన్ఎను పట్టుకునే తీరు

ఈ మార్పులు యాదృచ్ఛికంగా పుడతాయన్న మాట నిజం. అయితే అవి పుట్టే వేగం స్థిరమైనది కాదు. కొన్ని రసాయనాలు ఆ వేగాన్ని పెంచుతాయి. విద్యార్థులు ఇక్కడ మూడు మార్గాలను స్పష్టంగా గుర్తించాలి.

మొదటిది, మెట్ల మధ్యకు చొరబడటం. డిఎన్ఎను మెలితిరిగిన నిచ్చెనగా ఊహిస్తే, రెండు మెట్ల మధ్య దూరం 3.4 ఆంగ్‌స్ట్రాములు. ప్రోఫ్లావిన్ వంటి అక్రిడిన్ రంగులు, ఇథిడియం బ్రోమైడ్ బల్లపరుపుగా ఉండే అణువులు. ఇవి రెండు మెట్ల మధ్యకు దూరి ఆ దూరాన్ని దాదాపు రెట్టింపు చేస్తాయి. ఈ చొరబాటును లియొనార్డ్ లెర్మన్ 1961లో ప్రతిపాదించారు. ఇలా సాగిన డిఎన్ఎ నకలు తయారయ్యేటప్పుడు, ముఖ్యంగా ఒకే క్షారం వరుసగా వచ్చే చోట్ల, పోగులు జారి ఒక క్షారం అదనంగా చేరడమో, ఒకటి తప్పిపోవడమో జరుగుతుంది.

ఒక్క అక్షరం పోతే ఏమవుతుందన్న ప్రశ్నకు తెలుగులోనే జవాబు చెప్పవచ్చు. ‘కమల వనము నడక’ అన్న మూడక్షరాల మాటలను, మూడేసి అక్షరాలుగా మాత్రమే చదవగలిగిన యంత్రం ఒకటి ఉందనుకుందాం. రెండవ అక్షరం తప్పిపోతే అది ‘కలవ నమున డక’ అని చదువుతుంది. తప్పు జరిగినది ఒక్కచోటే, చెడినది ఆ తరువాతి పాఠమంతా. ఫ్రాన్సిస్ క్రిక్, సిడ్నీ బ్రెన్నర్, వారి సహచరులు 1961లో ప్రోఫ్లావిన్ కలిగించిన ఇటువంటి మార్పులనే టి4 బాక్టీరియా వైరస్‌లో వాడి, జన్యులిపి మూడక్షరాల లిపి అని నిర్ధారించారు. జన్యుశాస్త్రపు పునాదులలో ఒకటి, డిఎన్ఎను పట్టుకునే రసాయనం చేసిన చెరుపు మీదనే నిలిచింది.

రెండవది, క్షారానికి అతుక్కొనడం. నైట్రోఫ్యురాన్ జాతి మందులు ఇందుకు ఉదాహరణ. ఫ్యురాజొలిడోన్ ఒకప్పుడు కోళ్ల మేతలో విరివిగా వాడిన మందు. ఈ మందులు స్వయంగా డిఎన్ఎను తాకవు. బాక్టీరియాలోని నైట్రోరిడక్టేజ్ ఎంజైములు వాటిని చురుకైన రూపంలోకి మారుస్తాయి. ఆ రూపం డిఎన్ఎను దెబ్బతీస్తుంది. అంటే తన మీదికి వచ్చిన ఆయుధానికి పదును పెట్టేది బాక్టీరియాయే. నైట్రోఫ్యురాన్ అవశేషాలున్న రొయ్యలను దిగుమతి దేశాలు తిరస్కరించడం ఆంధ్రప్రదేశ్ తీరప్రాంత రైతులకు తెలిసిన చేదు అనుభవమే. ఆ తిరస్కరణ వెనుక ఉన్న శాస్త్ర కారణం మాత్రం వారికి మనం చెప్పినది తక్కువ.

మూడవది, డిఎన్ఎను పట్టుకున్న ఎంజైమును అక్కడే బిగించివేయడం. ఫ్లోరోక్వినొలోన్లు, అంటే సిప్రోఫ్లాక్సాసిన్, కోళ్లలో వాడే ఎన్రోఫ్లాక్సాసిన్ వంటివి, చేసే పని ఇదే. డిఎన్ఎ మెలికలను సవరించడానికి జైరేజ్ అనే ఎంజైము పోగులను తెంచి మళ్లీ అతుకుతుంది. తెంచిన తరువాత అతకకుండా ఈ మందు మధ్యలో బిగుసుకుంటుంది. ఫలితంగా క్రోమోజోములో తెగిన చోట్లు మిగులుతాయి. మోతాదు సరిపోతే కణం చనిపోతుంది. సరిపోకపోతే చనిపోదు. మన చర్చకు కీలకం ఈ రెండవ స్థితి.

అన్ని యాంటీబయోటిక్‌లూ ఈ కోవలోకి రావని కూడా చెప్పాలి. తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్, డిఎన్ఎను కాక మాంసకృత్తులను తయారుచేసే రైబోజోమును పట్టుకుంటుంది. అదే ఆరియోమైసిన్ కొద్ది మోతాదులో మేతలో కలిస్తే కోడిపిల్లలు వేగంగా పెరుగుతాయని అదే సంస్థలోని స్టోక్‌స్టాడ్, జూక్స్ గమనించడంతో, చిన్న మోతాదు వాడకమనే సంప్రదాయం 1950 నుండి లోకమంతా వ్యాపించింది. ప్రాణదాత అయిన మందు మేత దినుసుగా మారిన మలుపు అది.

నీటి తొట్టిలో జరిగేది

చావని బాక్టీరియాలో తెగిన డిఎన్ఎ ఒక అత్యవసర గంటను మోగిస్తుంది. రెక్‌ఎ అనే మాంసకృత్తి తెగిన పోగుకు చుట్టుకొని, మరమ్మత్తు జన్యువులను అణచి ఉంచే లెక్స్‌ఎను విచ్ఛిన్నం చేస్తుంది. దీనినే ఎస్ఓఎస్ ప్రతిస్పందన అంటారు. మొదట వచ్చే మరమ్మత్తు నాణ్యమైనదే. గాయం మిగిలితే మాత్రం, తప్పులను లెక్కచేయకుండా నకలు పూర్తిచేసే పాలిమరేజులు రంగంలోకి దిగుతాయి. ఇల్లు కూలకుండా దొరికిన దుంగనల్లా ఆసరాగా నిలబెట్టడం వంటిది ఇది. ఇల్లు నిలుస్తుంది, కాని నక్షా మారుతుంది. అమెరికాలో సిర్జ్, రోమెస్‌బర్గ్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని తిరుగులేకుండా చూపింది. లెక్స్‌ఎ విచ్ఛిన్నం కాకుండా మార్చిన ఎషరీషియా కోలై, సిప్రోఫ్లాక్సాసిన్ ఎదుట లొంగనితనాన్ని పెంపొందించుకోలేకపోయింది.

కోళ్ల షెడ్డులో ఈ అర్ధ మోతాదు స్థితి ఎలా ఏర్పడుతుందో విస్తరణ శాస్త్రవేత్తలకు తెలియనిది కాదు. కోలిబాసిల్లోసిస్ వంటి వ్యాధులకు ఎన్రోఫ్లాక్సాసిన్‌ను కిలో శరీర బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 3 నుండి 5 రోజులు తాగునీటిలో ఇవ్వాలని నిర్దేశం. ఆచరణలో నాలుగు చోట్ల మోతాదు జారిపోతుంది. జబ్బుపడిన కోడి తక్కువ నీరు తాగుతుంది, కనుక మందు అవసరమైన దానికే తక్కువ అందుతుంది. తెలంగాణలో అనేక ప్రాంతాల బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఈ లోహాలు ఫ్లోరోక్వినొలోన్‌ను బంధించి దాని పనితనాన్ని తగ్గిస్తాయి. కోళ్లు తేరుకోగానే రెండవ రోజునే మందు ఆపడం పరిపాటి. అన్నిటికన్నా ముఖ్యంగా, వ్యాధి లేకుండానే ‘ముందు జాగ్రత్త’గా తక్కువ పాళ్లలో కలిపే పద్ధతి ఉంది. ఈ నాలుగింటిలో ఏది జరిగినా మనం బాక్టీరియాను చంపడం లేదు, దాని డిఎన్ఎను గాయపరచి వదిలివేస్తున్నాము.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2005లో కోళ్లలో ఎన్రోఫ్లాక్సాసిన్ అనుమతిని ఉపసంహరించింది. కోళ్ల నుండి మనుషులకు సోకే కాంపైలోబాక్టర్ ఆ జాతి మందులకు లొంగకపోవడమే కారణం. ఎన్రోఫ్లాక్సాసిన్ కోడి శరీరంలో కొంతవరకు సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుందని గుర్తుంచుకుంటే ఆ నిర్ణయం ఆశ్చర్యం కలిగించదు. మన దేశం 2019 జూలైలో ఆహార జంతువులలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. అది హర్షణీయమైన అడుగు. అయితే కొలిస్టిన్ బాక్టీరియా పొరను దెబ్బతీసే మందు. డిఎన్ఎను గాయపరచే ఫ్లోరోక్వినొలోన్ల విషయంలో అంతటి పట్టుదల ఇంకా కనబడవలసి ఉంది.

ఒక న్యాయమైన ఆక్షేపణ

ఈ వాదనకు ఒక బలమైన ఆక్షేపణ ఉంది. దానిని దాటవేయడం శాస్త్ర ధర్మం కాదు. 10,000 కోళ్ల షెడ్డును తీసుకుందాం. ఒక్కొక్క కోడి పేగులలో 10 కోట్ల ఎషరీషియా కోలై ఉన్నాయనుకుంటే, షెడ్డులో మొత్తం లక్ష కోట్లు. క్వినొలోన్ జాతి మందుకు కొంతమేర లొంగకుండా చేసే ఒక్క మార్పు సహజంగానే వంద కోట్లకు ఒక కణంలో ఉందనుకున్నా, మందు పోయకముందే ఆ షెడ్డులో అటువంటి కణాలు వేయి ఉంటాయి. ఉన్నవాటిని ఏరి పెంచడమే మందు చేసే అసలు హాని. కొత్త మార్పులు పుట్టించడం దాని ముందు ఎంత? ఇదీ ఆక్షేపణ.

మొదటి మెట్టు వరకు ఈ ఆక్షేపణ సరైనదే. వరణమే ప్రధాన శక్తి అని అంగీకరించాలి. కాని పూర్తి మోతాదుకు కూడా లొంగని స్థితికి బాక్టీరియా ఒక్క మార్పుతో చేరదు. జైరేజ్ జన్యువులో ఒకటి రెండు, టోపోఐసోమరేజ్-4 జన్యువులో మరొకటి అంటూ మెట్టు మెట్టుగా ఎక్కాలి. రెండు మార్పులు ఒకే కణంలో ఒకేసారి కలగడం అత్యంత అరుదు. మొదటి మార్పు వచ్చిన కణాలు కొద్దిగా ఉన్నప్పుడు, రెండవ మార్పు పుట్టే వేగమే వాటి భవిష్యత్తును నిర్ణయిస్తుంది. ఆ వేగాన్ని పెంచేది చిన్న మోతాదు మందే.

పైగా ఎస్ఓఎస్ గంట మోగినప్పుడు మేల్కొనేది మరమ్మత్తు యంత్రాంగం ఒక్కటే కాదు. కలరా బాక్టీరియాలో పలు మందులకు లొంగని జన్యువులను మోసుకుపోయే ఎస్ఎక్స్‌టి అనే మూలకం, ఈ ప్రతిస్పందన వలన ఇతర కణాలకు మరింత ఎక్కువగా బదిలీ అవుతుందని వాల్డర్ బృందం 2004లో చూపింది. అంటే ఒక మందు కలిగించిన గాయం, దానితో సంబంధం లేని ఇతర మందులను కూడా నిరుపయోగం చేయగలదు. స్వీడన్‌లోని ఆండర్సన్ బృందం 2011లో చూపినదాని ప్రకారం, బాక్టీరియా పెరుగుదలను ఆపే కనిష్ఠ గాఢతకు వందల రెట్లు తక్కువ ఉన్నప్పుడు కూడా లొంగని కణాలకు పైచేయి లభించవచ్చు. ‘ఇంత కొంచెం ఏం చేస్తుందిలే’ అన్న ధీమాకు ఆధారం లేదు.

కనుక వరణమా, ఉత్పరివర్తనమా అన్న తర్కంలో ఎవరు గెలిచినా, రైతుకు చెప్పవలసిన సలహా మారదు. చిన్న మోతాదు రెండు విధాలా హానికరమే.

పటాన్‌చెరు నేర్పిన పాఠం

మందు షెడ్డులోనే ఉండిపోదు. హైదరాబాదుకు వాయవ్యాన ఉన్న పటాన్‌చెరులో, సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుండి వెలువడే నీటిలో లీటరుకు 31,000 మైక్రోగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. మందు తీసుకున్న రోగి రక్తంలో ఉండే గాఢతను మించిన పరిమాణమది. ఆ వార్త అప్పట్లో పరిశ్రమల కాలుష్యంగా మాత్రమే చర్చకు వచ్చింది. వ్యవసాయ శాస్త్రవేత్తలకు అందులో వేరొక పాఠం ఉంది. కేంద్రం వద్ద బాక్టీరియాను చంపే గాఢత, వాగు వెంట పలచబడుతూ పోయి, ఎక్కడో ఒకచోట చంపని గాఢతగా మారక తప్పదు. మార్పులకు అనువైన చోటు ఆ అంచే.

కోళ్ల ఎరువు విషయంలో జరిగేదీ చిన్న స్థాయిలో ఇదే. ఫ్లోరోక్వినొలోన్లు బంకమట్టి రేణువులను గట్టిగా పట్టుకొని నెలల తరబడి నేలలో నిలుస్తాయి. మందు వాడిన షెడ్డు నుండి తీసిన లిట్టరును మాగబెట్టకుండా ఆకుకూరల మడులకు వేస్తే, మిగిలిన మందు, దానికి లొంగని బాక్టీరియా రెండూ కలిసే పొలానికి చేరుతాయి. నగరపు అంచున ఉన్న ఈ ప్రాంతంలో ఆకుకూరలు కోసిన పూటనే మార్కెట్టుకు, అక్కడి నుండి పచ్చిగానే పళ్లేలలోకి చేరతాయి. ఎరువును ఇంత శ్రద్ధగా గమనించవలసిన చోటు మరొకటి ఉండదు.

మన ప్రయోగశాలల మాట

రైతును తప్పుపట్టే ముందు మన ఇల్లు చక్కదిద్దుకోవాలి. జెల్ మీద డిఎన్ఎ పట్టీలను చూడటానికి వాడే ఇథిడియం బ్రోమైడ్ ఒకప్పుడు ఆఫ్రికా పశువులలో ట్రిపనోసోమా వ్యాధికి వాడిన మందే, హోమిడియం దాని మరో పేరు. బ్రూస్ ఏమ్స్ 1970లలో రూపొందించిన పరీక్షలో, కాలేయ ఎంజైములు చేర్చినప్పుడు, ఇది చదువు తప్పించే మార్పులను స్పష్టంగా కలిగిస్తుంది. హిస్టిడిన్ తయారుచేసుకోలేని సాల్మొనెల్లా, హిస్టిడిన్ లేని పళ్లెంలో కాలనీలుగా పెరగడమే ఆ పరీక్షలో మార్పుకు గుర్తు. సామాన్యమైన ఈ పరీక్షే నేటికీ పురుగుమందుల, ఔషధాల అనుమతికి తొలి గడప.

ఏమ్స్ పరీక్షలో మార్పు కలిగించినదల్లా మనిషికి క్యాన్సరు కలిగిస్తుందని కాదు. దానిని అలా వ్యాఖ్యానించడం మరొక తప్పు. కాని ఇథిడియం ద్రావణాన్ని కళాశాల తూములో ఒంపివేయడానికి అది సమర్థన కాజాలదు. బ్లీచింగుతో నిర్వీర్యం చేయడం కూడా సరైన పద్ధతి కాదు, ఆ చర్యలో ఉత్పరివర్తనం కలిగించే ఇతర పదార్థాలు మిగిలే అవకాశం ఉంది. క్రియాశీల బొగ్గుతో పీల్చి, ఆ బొగ్గును ప్రమాదకర వ్యర్థంగా అప్పగించడమే మేలు. ఈ క్రమశిక్షణను కళాశాలలో నేర్వని విద్యార్థి, రేపు రైతుకు మందు పారబోయడం గురించి ఏమి చెప్పగలడు?

చేయవలసినవి

ఈ నేపథ్యంలో కొన్ని సూచనలు విజ్ఞుల పరిశీలనకు ఉంచుతున్నాను.

ఒకటి, విస్తరణ సాహిత్యంలో ‘మందుకు అలవాటు పడటం’ అన్న ప్రయోగాన్ని విడిచిపెట్టాలి. ‘మందుకు లొంగని క్రిములు పుట్టడం, మిగలడం’ అని చెప్పాలి. పుట్టడం ఉత్పరివర్తనం, మిగలడం వరణం. రెండు క్రియలలో సిద్ధాంతమంతా ఉంది.

రెండు, ‘పూర్తి మోతాదు, పూర్తి రోజులు’ అన్న సందేశానికి కారణాన్ని జోడించాలి. ‘సగం మందు క్రిమిని చంపదు, మారుస్తుంది’ అన్న ఒక్క వాక్యం, కారణం లేని పది ఆజ్ఞల కన్నా బలమైనది. దానితోపాటు ‘పశువైద్యుని సలహా లేకుండా మొదలే పెట్టవద్దు’ అన్నదీ చెప్పాలి. లేకపోతే పూర్తి మోతాదు అన్న మాట ఎక్కువ మందుకు అనుమతిగా మారుతుంది.

మూడు, వ్యాధి లేని మందకు ముందు జాగ్రత్తగా ఫ్లోరోక్వినొలోన్లు ఇవ్వడాన్ని పూర్తిగా నిరుత్సాహపరచాలి. టీకాలు, షెడ్డు పరిశుభ్రత, నీటి శుద్ధి, పొడి లిట్టరు ఉన్నచోట ఆ అవసరం తగ్గుతుంది. రైతు మందు వైపు చూసేది దురాశతో కాదు, ఒక విడత కోళ్లు పోతే అప్పు తీరదన్న భయంతో. ఆ భయానికి జవాబు చెప్పకుండా మందు మానమనడం ఉపన్యాసమే అవుతుంది. కనుక నష్టభయాన్ని పంచుకునే బీమా, త్వరిత వ్యాధి నిర్ధారణ సౌకర్యం విస్తరణ సలహాలో భాగం కావాలి.

నాలుగు, మందు కలిపే ముందు నీటి కాఠిన్యాన్ని పరీక్షించడం, మందు వాడిన షెడ్డు ఎరువును తగినంత కాలం మాగబెట్టిన తరువాతనే కూరగాయలకు వాడటం ప్రామాణిక సిఫారసులుగా చేరాలి.

ఐదు, డిగ్రీ స్థాయి సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగాలలో లూరియా–డెల్‌బ్రక్ ప్రయోగాన్ని హానిలేని జాతులతో చేయించాలి. ఒక పళ్లెంలో రెండు కాలనీలు, పక్క పళ్లెంలో రెండు వందలు చూసిన విద్యార్థి జీవితాంతం ‘అలవాటు’ అన్న మాట వాడడు.

జీనోమ్ వ్యాలీలో ఒక టీకా బయటకు రావాలంటే ఒక్క క్షారం మార్పును కూడా పసిగట్టే పరీక్షలు జరుగుతాయి. ఆ ప్రహరీకి ఇవతల, కోళ్ల నీటి తొట్టిలో, ఎవరూ లెక్కించని మార్పులు ప్రతి పూటా పుడుతూనే ఉన్నాయి. వాటిని లెక్కించగల పరికరం రైతు వద్ద లేదు. అర్థం చేసుకోగల తెలివి మాత్రం నిండుగా ఉంది. అతని చేతికి అందించవలసినది సరైన మాట. ఆ మాటను ఎంచి ఇవ్వడం మన పని.